చెక్కు, చెక్‌డ్యామ్, ‘చెక్ పెట్టడం’: ఇవన్నీ ఒకే మాటేనా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. బ్యాంకులో ఇచ్చే చెక్కు, వాగుకు అడ్డంగా కట్టే చెక్‌డ్యామ్, పత్రికల్లో తరచూ కనిపించే ‘ప్రత్యర్థికి చెక్ పెట్టారు’, గళ్ళ చొక్కాకు వాడే చెక్స్, రోజూ అందరూ అనే ‘ఒకసారి చెక్ చేయండి’ అన్నవి ఒకే ఇంగ్లీషు మాటా, లేక ఒకేలా వినిపించే వేర్వేరు మాటలా అని అడిగారు. ఒకటే అయితే ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయనీ, అనువాదంలో వాటిని ఎలా గుర్తుపట్టాలనీ అడిగారు. తెలుగులో చెక్ అని రాయాలా, చెక్కు అని రాయాలా అన్న సందేహాన్ని కూడా చివర జోడించారు.

సూటిగా చెప్పాలంటే ఇవన్నీ ఒకే మాట నుంచి వచ్చినవే. ఆ మాట చదరంగం బల్ల మీద పుట్టింది. అంతకంటే వెనక్కి వెళితే పారశీక భాషలో రాజు అనే అర్థమున్న ‘షాహ్’ దగ్గరికి చేరుతుంది. ఆట బయట ఈ ఇంగ్లీషు మాటకు తొలి అర్థం ‘ఆపు, అడ్డుకో’. ‘పరిశీలించు, సరిచూడు’ అన్నది చాలా కాలం తరువాత వచ్చిన అర్థం. మనకు మాత్రం ఆ చివరి అర్థమే ముందుగా పరిచయమవుతుంది. అందుకే మిగిలిన ప్రయోగాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా కనిపిస్తాయి. అనువాద ప్రతులను సరిదిద్దడమే నా వృత్తి కనుక ఈ ఒక్క మాట చుట్టూ జరిగే పొరపాట్లను తరచూ చూస్తుంటాను. అవి దాదాపు అన్నీ ఈ తారుమారు వల్ల వచ్చేవే.

ఇక చరిత్ర. సంస్కృత ‘చతురంగం’ పారశీకంలో ‘చత్రంగ్’ అయి, అరబ్బీలో ‘శత్రంజ్’ అయిందన్నది చాలామందికి తెలిసిన విషయమే. ఆ ఆటలో ఎదుటివారి రాజు మీదికి దాడి వచ్చినప్పుడు హెచ్చరికగా ‘షాహ్!’ అనేవారు. మీ రాజు ప్రమాదంలో ఉన్నాడు, ముందు ఆ సంగతి చూసుకోండి అని దాని భావం. అరబ్బుల ద్వారా ఆట ఐరోపాకు చేరినప్పుడు ఈ కేక కూడా దానితోపాటు వెళ్ళింది. మధ్యయుగపు లాటిన్‌లో ‘స్కాకుస్’ అయింది, పాత ఫ్రెంచిలో ‘ఎస్చెక్’ అయింది, ఇంగ్లీషులోకి వచ్చేసరికి మొదటి అక్షరాలు రాలిపోయి ‘చెక్’ మిగిలింది. ఆ ఫ్రెంచి మాటకు బహువచనమైన ‘ఎస్చెస్’ నుంచే ఆట పేరు ‘చెస్’ వచ్చింది. అంటే ఇంగ్లీషువారు ఆటను పిలిచే పేరుకు అసలు అర్థం ‘రాజులు’ అన్నమాట.

షాహ్ అన్న మాట కూడా మనకు పూర్తిగా పరాయిది కాదు. పారశీక చక్రవర్తి డేరియస్ బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో రాజుకు ‘ఖ్షాయథియ’ అన్న మాట ఉంది. కాలక్రమంలో అరిగిపోయి షాహ్ అయింది అదే. సంస్కృతంలో పాలన, అధికారం అనే అర్థాలున్న ‘క్షత్ర’ శబ్దానికి అది దగ్గరి బంధువు. క్షత్రియ, క్షత్రప వంటి మాటలు కూడా ఆ కుటుంబంలోనివే. పాదుషాలోని ‘షా’ సరేసరి. కాబట్టి బ్యాంకు చెక్కుకూ క్షత్రియ శబ్దానికీ దూరపు చుట్టరికం ఉందంటే వినడానికి వింతగా ఉంటుంది కానీ, భాషాశాస్త్రపరంగా అది నిలబడే మాటే.

చెక్‌మేట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ‘షాహ్ మాత్’ అంటే ‘రాజు చనిపోయాడు’ అని చాలాచోట్ల రాస్తుంటారు. అరబ్బీలో ‘మాత’ అంటే చనిపోయాడు అన్న అర్థం ఉండడం వల్ల ఆ వివరణ ప్రచారంలోకి వచ్చింది. పారశీకంలో మాత్ అంటే దిక్కుతోచని, నిస్సహాయమైన స్థితి. ఆట తీరును చూస్తే నాకు ఈ రెండో వివరణే సబబుగా తోస్తుంది. చదరంగంలో రాజును ఎవరూ చంపరు, బల్ల మీదినుంచి తీసేయరు. అతనికి కదలడానికి చోటు లేకుండా చేస్తారు, అక్కడితో ఆట ముగుస్తుంది. తెలుగులో మనం అనే ‘ఆటకట్టు’ ఈ స్థితిని ఎంతో కచ్చితంగా చెబుతుంది.

కేక నుంచి ‘ఆపడం’ ఎలా వచ్చింది? రాజుకు చెక్ వచ్చిన క్షణంలో ఆటగాడి స్వేచ్ఛ అంతా పోతుంది. అంతవరకూ వేసుకున్న వ్యూహాన్ని పక్కన పెట్టి రాజును జరపాలి, లేదా మధ్యలో ఒక పావును అడ్డం పెట్టాలి, లేదా దాడి చేస్తున్న పావును కొట్టాలి. వేరే ఎత్తు వేయడానికి నియమం ఒప్పుకోదు. ఈ హఠాత్తు అడ్డంకే ఆటను దాటి మామూలు జీవితంలోకి వచ్చింది. 14వ శతాబ్దపు ఆంగ్లకవి చాసర్ ఒక కావ్యంలో విధి ఒక మనిషితో చదరంగం ఆడి అతని రాణిని కాజేసి, చెక్ అనీ మేట్ అనీ ప్రకటించినట్లు రాశాడు. దెబ్బ తగలడం, దారి మూసుకుపోవడం అన్న భావాలు అప్పటికే ఆ మాటకు అంటుకున్నాయి. అక్కడినుంచి గుర్రాన్ని కళ్ళెంతో నిలవరించడానికీ, కోపాన్ని అణచుకోవడానికీ, శత్రుసైన్యాన్ని నిలువరించడానికీ చెక్ అనే క్రియే వాడుకలోకి వచ్చింది. ఇంగ్లీషు ఒక్కటే ఈ దారిన నడవలేదు. జర్మన్‌లో చదరంగానికి ‘షాహ్’కు దగ్గరగానే పలికే పేరు ఉంది, ఎవరినైనా అదుపులో ఉంచడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు. ఫ్రెంచిలోనైతే అది ఇంకో అడుగు ముందుకు వేసి ‘వైఫల్యం’ అన్న అర్థంలో స్థిరపడింది.

ఇంతవరకూ రాజు శాఖ. రెండో శాఖ రాజుది కాదు, బల్లది. చదరంగం బల్లను పాత ఫ్రెంచిలో ‘ఎస్చెకియే’ అనేవారు. ఇంగ్లీషులో అది ‘చెకర్’ అయింది. నలుపు తెలుపు గళ్ళున్న దేనికైనా ఆ పేరు వర్తించడం మొదలైంది. గళ్ళ బట్టకు చెక్స్ అన్న పేరు ఈ చెకర్ కుదించుకుపోగా వచ్చింది. చొక్కా మీది గళ్ళలో ఆపడమూ లేదు, సరిచూడడమూ లేదు, ఉన్నది బల్ల ఆకారం మాత్రమే.

బల్ల శాఖలోని అసలు కథ ఇంగ్లండు ఖజానాలో ఉంది. దీనిమీద కాస్త ఎక్కువసేపు ఉండడం అవసరం, ఎందుకంటే ‘సరిచూడడం’ అన్న అర్థం బలపడడానికి ఇక్కడి లెక్కల వాతావరణం చాలా తోడ్పడింది. 12వ శతాబ్దంలో రెండో హెన్రీ రాజుకు కోశాధికారిగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నైజెల్ ఖజానా పనితీరును వివరిస్తూ ఒక సంభాషణ గ్రంథం రాశాడు. అందులో లెక్కలు చూసే బల్ల కొలతలు కూడా ఇచ్చాడు. పొడవు పది అడుగులు, వెడల్పు ఐదడుగులు, మీద పెట్టినవి జారి పడిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తున అంచు. దాని మీద నల్లటి గుడ్డ పరిచేవారు, ఆ గుడ్డ మీద అడుగు ఎడంగానో జానెడు ఎడంగానో గీతలు ఉండేవి. ఒక్కో నిలువు వరుస ఒక్కో స్థానం: పెన్నీలు, షిల్లింగులు, పౌండ్లు, ఆపైన ఇరవైలు, వందలు, వేలు. బిళ్ళలను ఆ వరుసల్లో పెడుతూ, తీస్తూ కూడికలు తీసివేతలు చేసేవారు. రోమన్ అంకెలతో కాగితం మీద లెక్క చేయడం ఎంత కష్టమో తెలిసినవారికి ఈ గుడ్డ విలువ వెంటనే అర్థమవుతుంది. పైగా పన్నెండు పెన్నీలకు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులకు ఒక పౌండు అన్న లెక్క ఒకటి.

చూడడానికి చదరంగం బల్లలా ఉండడంతో ఆ బల్లకు ఆ పేరే వచ్చింది. బల్ల పేరు క్రమంగా ఆ కార్యాలయానికి పేరైంది. అదే ఎక్స్‌చెకర్. బ్రిటన్ ఆర్థికమంత్రిని ఇప్పటికీ ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అనే అంటారు. మొదట్లో ఉన్న ఆ ‘ఎక్స్’ నిజానికి తరువాతివారు తగిలించినదే. ఫ్రెంచి మాట మొదట్లోని ‘ఎస్’ లాటిన్ ఉపసర్గకు అపభ్రంశమనుకుని పండితులు ‘దిద్దారు’. ఫిట్జ్‌నైజెల్ మరో మాట కూడా రాశాడు: చదరంగంలో ఇద్దరు రాజుల మధ్య పోరు నడిచినట్లే, ఈ బల్ల దగ్గర కోశాధికారికీ, జిల్లాల నుంచి పన్నుల లెక్క అప్పజెప్పడానికి వచ్చిన షెరిఫ్‌కూ మధ్య పోరు నడుస్తుందని. లెక్క చెప్పేవాడు ఒకవైపు, అందులో తప్పు పట్టేవాడు రెండోవైపు. ‘చెక్’ అన్న మాట ఆడిటింగులోకి రావడానికి ఇంతకంటే అనువైన చోటు మరొకటి దొరకదు.

ఆ ఖజానాలోనే రసీదులుగా టాలీ కర్రలు వాడేవారు. కర్ర మీద మొత్తాన్ని బట్టి గాట్లు పెట్టేవారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందమంత గాటు, వందకు బొటనవేలి వెడల్పంత, ఇరవైకి చిటికెనవేలంత. తరువాత ఆ కర్రను గాట్ల మీదుగా నిలువునా చీల్చి చెరొక ముక్క ఉంచుకునేవారు. వివాదం వస్తే రెండు ముక్కలనూ కలిపి చూస్తారు. గాట్లు కలిస్తే లెక్క నిజం, కలవకపోతే ఎవరో ఒకరు మోసం చేశారు. ఈ కర్రల వాడకం 19వ శతాబ్దం మొదటి భాగం దాకా సాగింది. మిగిలిపోయిన పాత కర్రలను 1834 అక్టోబర్ 16న పార్లమెంటు భవనం కింది కొలుముల్లో వేసి తగలబెడితే, ఆ మంట అదుపు తప్పి వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్‌లో చాలా భాగం కాలిపోయింది. ఇది కాస్త పక్కదారి పట్టడమే, కానీ ‘రెండు ముక్కలను కలిపి చూడడం’ అన్న పద్ధతిని గుర్తుంచుకోండి. బ్యాంకు చెక్కు అక్కడినుంచే అర్థమవుతుంది.

బ్యాంకు చెక్కు మొదట డబ్బు పత్రానికి పేరు కాదు. 18వ శతాబ్దం తొలినాళ్ళలో చెక్ అంటే పత్రం చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే భాగం, మనం ఇప్పుడు కౌంటర్‌ఫాయిల్ అంటున్నది. పత్రంలో అంకెలు ఎవరైనా మార్చితే మిగిలిన ముక్కతో పోల్చి పట్టుకోవచ్చు. అంటే మోసానికి అది అడ్డుకట్ట. 1717లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మోసాలను అరికట్టడానికి ప్రత్యేకమైన కాగితం మీద ముద్రించిన పత్రాలను ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కాగితానికి కూడా ఇదే పేరు. ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి రక్షణగా ఉన్న ముక్క పేరు అసలు పత్రానికే స్థిరపడింది. ఈ చిన్న పరిణామంలో ఆపడమూ సరిచూడడమూ కలిసే ఉన్నాయి, మోసాన్ని ఆపేది సరిచూడడమే కదా. అర్థం ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు దాటింది సరిగ్గా ఇలాంటి చోట్లనే.

వర్ణక్రమం గురించి కూడా చెప్పాలి. మొదట్లో డబ్బు పత్రాన్ని కూడా సి-హెచ్-ఇ-సి-కె అనే రాసేవారు, అమెరికాలో ఇప్పటికీ అలాగే రాస్తారు. చివర క్యూ-యు-ఇ ఉన్న రూపం బ్రిటన్‌లో 19వ శతాబ్దంలో స్థిరపడింది. 1828లో జేమ్స్ విలియం గిల్బర్ట్ అనే బ్యాంకర్ తన బ్యాంకింగ్ గ్రంథంలో తాను ఈ రూపాన్ని ఎందుకు ఎంచుకున్నాడో చెప్పాడు. ఇందులో అర్థభ్రాంతికి తావు లేదనీ, ఎక్స్‌చెకర్‌తో పోలిక కుదురుతుందనీ ఆయన వాదన. భారతదేశంలోనూ ఇదే రూపం. కాబట్టి అమెరికా పత్రాన్ని అనువదించేటప్పుడు సి-కె కనిపించగానే ‘తనిఖీ’ అనుకోకూడదు, అది జీతం చెక్కు కావచ్చు. అమెరికా రెస్టారెంటులో చెక్ అడిగితే బిల్లు తెస్తారన్న సంగతి కూడా మరవకూడదు.

ఈ పరిణామం ఎంత విచిత్రమైనదో తెలియాలంటే ‘కంట్రోల్’ అన్న మాటను పక్కన పెట్టి చూడాలి. అది మధ్యయుగపు లాటిన్‌లో ‘ప్రతి చుట్ట’ అన్న అర్థమున్న మాట నుంచి వచ్చింది. లెక్కలు రాసిన ఒక చుట్టను సరిచూడడానికి విడిగా ఉంచుకునే నకలు చుట్ట అది. అంటే కంట్రోల్ సరిచూడడంతో మొదలై అదుపు చేయడం దగ్గర ఆగింది. చెక్ అదుపు చేయడంతో మొదలై సరిచూడడం దగ్గరికి వచ్చింది. రెండు మాటలూ ఒకే దారిలో ఎదురెదురుగా నడిచి చోట్లు మార్చుకున్నాయి. ఫ్రెంచిలో కంట్రోల్ ఇప్పటికీ తనిఖీ అనే అర్థంలో నిక్షేపంగా వాడుకలో ఉంది. మన రాజ్యాంగంలోని ‘కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్’ అన్న పదవి పేరులో మొదటి మాట కూడా ఈ లెక్కల నుంచి వచ్చినదే.

ఇక అనువాదం. నా పద్ధతి చాలా సరళం. చెక్ కనబడగానే ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇక్కడ ఏదైనా కదులుతోందా, పెరుగుతోందా, మితిమీరే అవకాశం ఉందా? ఉంటే అది ఆపే చెక్. అలా కాకుండా ఏదైనా నిజమా కాదా, ఉందా లేదా అన్న సందేహం ఉంటే అది చూసే చెక్. పది సందర్భాల్లో తొమ్మిదింటికి ఈ ఒక్క ప్రశ్న సరిపోతుంది.

చెక్‌డ్యామ్‌నే తీసుకోండి. నీటి సంరక్షణకు సంబంధించిన ఒక నివేదిక అనువాదంలో దీన్ని ‘తనిఖీ ఆనకట్ట’ అని రాయగా చూశాను. రాసినవారు నిఘంటువును చూసే రాశారు, కానీ వాగును చూడలేదు. వాగుకు అడ్డంగా కట్టే ఈ చిన్న కట్టు నీటి వేగాన్ని తగ్గిస్తుంది. వేగం తగ్గడంతో నేల కోత తగ్గుతుంది, ఒండ్రు వెనుక నిలుస్తుంది, నిలిచిన నీరు భూమిలోకి ఇంకుతుంది. ఇక్కడ చెక్ అంటే నిలువరించడం మాత్రమే. తెలుగులో చెక్‌డ్యామ్ అనే రాయవచ్చు, లేదా అడ్డుకట్ట అనవచ్చు. పైపుల్లో వాడే చెక్ వాల్వ్ కూడా అంతే, అది నీటిని ఒకవైపే పోనిచ్చి వెనక్కి రాకుండా ఆపుతుంది. దానిని ‘తనిఖీ కవాటం’ అంటే ప్లంబరుకు కూడా అర్థం కాదు.

రాజకీయ వ్యాసాల్లో ఇంతకంటే పెద్ద చిక్కు ‘చెక్స్ అండ్ బ్యాలెన్సెస్’. దీన్ని ‘తనిఖీలు, నిల్వలు’ అని రాసిన ప్రతి కూడా నా దగ్గరికి వచ్చింది. చదివితే బ్యాంకు పాస్‌బుక్ గుర్తుకొస్తుంది. 1748లో ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ ఈ భావాన్ని చెప్పినప్పుడు వాడిన క్రియ ‘ఆపడం’. అధికారాన్ని అధికారమే ఆపేలా ఏర్పాటు ఉండాలన్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవారు ఆ ‘ఆపడం’ స్థానంలో చెక్ వాడారు. మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెడితే ఇక అనుమానానికి చోటుండదు. అమెరికా రాజ్యాంగంలో కాంగ్రెస్ చేసిన బిల్లును అధ్యక్షుడు వీటో చేయడం ఒక చెక్, ఆ వీటోను ఉభయసభలు మూడింట రెండువంతుల మెజారిటీతో తోసిపుచ్చడం దానికి ఎదురు చెక్. ‘పరస్పర నియంత్రణలు, సమతూకాలు’ అని రాస్తే అర్థం చెడదు. అలాగే ‘అన్‌చెక్డ్ పవర్’ అంటే అదుపు లేని అధికారమే తప్ప తనిఖీ కాని అధికారం కాదు. అదే ‘అన్‌చెక్’ కంప్యూటరు తెర మీద కనిపిస్తే గడిలోని టిక్కు తీసేయమని.

ఇక్కడ పత్రికల వాడుక గురించి నా అభిప్రాయం చెప్పక తప్పదు. ఆరోగ్య శీర్షికల్లో ‘ఈ ఆకుతో మధుమేహానికి చెక్’, ‘రోజూ ఇలా చేస్తే రక్తపోటుకు చెక్’ అని వేస్తుంటారు. ఇంగ్లీషులో ఒక జబ్బును ‘చెక్‌లో ఉంచడం’ అంటే అది పెరగకుండా అదుపులో పెట్టడం, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది, జాగ్రత్త తప్పితే మళ్ళీ తలెత్తుతుంది. తెలుగు శీర్షిక చదివినవారికి మాత్రం జబ్బు పోతుందన్న భావమే కలుగుతుంది. చదరంగంలో కూడా చెక్ ఆట ముగింపు కాదు, రాజు తప్పించుకోవచ్చు, తప్పించుకుని గెలవనూ వచ్చు. ముగింపు కావాలంటే అది ఆటకట్టు. అందుకని ‘ముఠాకు చెక్ పెట్టిన పోలీసులు’ అన్న శీర్షిక నా బల్ల మీదికి వస్తే, ముఠా మొత్తం దొరికిందా, లేక దారులు మూసుకుపోయాయా అని విలేకరిని అడుగుతాను. మొదటిదైతే ఆటకట్టించారు అనీ, రెండోదైతే కట్టడి చేశారు అనీ దిద్దుతాను. ఆరోగ్య వార్తల్లో ఈ ప్రయోగాన్ని ఒప్పుకోను. అక్కడ ‘అదుపు’ అని తీరాలి.

జాతీయాల దగ్గర పదాన్ని పట్టుకుని వేలాడితే పని జరగదు. ‘బ్లాంక్ చెక్’ను ఖాళీ చెక్కు అంటే తెలుగులో విలువలేని కాగితమన్న భావం రావచ్చు, అసలు భావం అందుకు పూర్తిగా వ్యతిరేకం. సంతకం చేసి మొత్తాన్ని రాసుకోమని వదిలేయడం అది. 1914 జూలైలో జర్మనీ ఆస్ట్రియా-హంగరీకి ఇచ్చిన బేషరతు మద్దతును చరిత్రకారులు ఈ పేరుతోనే పిలుస్తారు. ‘రెయిన్ చెక్’ అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో పుట్టింది. వాన వల్ల ఆట ఆగిపోతే మరో రోజు ఆట చూడడానికి పనికొచ్చే టికెట్టు ముక్క అది. ఎవరైనా పిలుపుకు జవాబుగా రెయిన్ చెక్ తీసుకుంటానంటే ‘ఈసారికి వదిలేయండి, మరోసారి వస్తాను’ అని అర్థం. ‘చెకర్డ్ పాస్ట్’ అన్నది బల్ల శాఖకు చెందినది, నలుపు తెలుపు గళ్ళలాంటి గతమని. దీన్ని చాలామంది ‘ఒడుదొడుకుల గతం’ అంటారు. అది కాస్త ఎక్కువ మర్యాద ఇవ్వడమే. ఇంగ్లీషులో ఈ మాట అన్నప్పుడు ఆ మనిషి గతంలో చెప్పుకోలేని పనులు కూడా ఉన్నాయన్న సూచన తరచూ ఉంటుంది. ‘మచ్చలున్న గతం’ అంటే దగ్గరగా వస్తుంది.

ఆటల్లో ఈ మాట మరీ జారుతుంది. పోకర్ అనే పేకాటలో చెక్ అంటే పందెం కాయకుండా వంతు తదుపరివారికి వదలడం. ఐస్ హాకీలో బాడీ చెక్ అంటే పక్ (కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ) ఉన్న ఆటగాడిని ఒంటితో ఢీకొని నిలువరించడం, అది నియమబద్ధమే. అదే ఆటలో క్రాస్ చెక్ అంటే రెండు చేతులా పట్టుకున్న కర్రతో ప్రత్యర్థిని నెట్టడం, అది తప్పు. మనం ఆఫీసులో అనే క్రాస్ చెక్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. డబుల్ చెక్ కూడా ఇలాంటిదే. మామూలు మాటల్లో రెండోసారి సరిచూసుకోవడం, చదరంగంలో రెండు పావులు ఒకేసారి రాజు మీద దాడి చేయడం. ఆ స్థితిలో ఒక పావును కొట్టినా ఇంకొకటి మిగులుతుంది కనుక రాజు కదిలి తీరాలి.

చూసే చెక్‌కు నిక్కమైన ఉదాహరణ కావాలంటే చెక్‌లిస్ట్. ఈ మాట పాతదే అయినా విమానయానంలో దానికి ప్రాముఖ్యం రావడానికి కారణం ఒక ప్రమాదం. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త బాంబర్ విమానం పరీక్షలో గాలిలోకి లేచిన వెంటనే కూలింది. నేల మీద నిలిపి ఉన్నప్పుడు తోక రెక్కలు గాలికి కదలకుండా వేసే తాళాన్ని బయలుదేరే ముందు తీయలేదు. యంత్రంలో లోపం లేదు, నడిపినవారు అనుభవజ్ఞులే. ఆ తరువాత పైలట్లు ప్రతి అంశాన్నీ చదివి సరిచూసుకునే జాబితా పద్ధతి స్థిరపడింది. జాబితాలో అంశం పూర్తయ్యాక జవాబుగా అనే ‘చెక్’ను తెలుగులో ‘చూశాను’ అంటే సరిపోతుంది. అమెరికాలో ఆ అంశం పక్కన పెట్టే గుర్తును కూడా చెక్ అంటారు, మనకూ బ్రిటన్‌కూ అది టిక్కు.

బంధుత్వం లేనివాటిని కూడా చెప్పి ముగిస్తాను. చెక్ రిపబ్లిక్ పేరులోని చెక్ ఒక స్లావిక్ జాతి పేరు, దానికీ దీనికీ సంబంధం లేదు. తెలుగులోని ‘చెక్కు’ అనే క్రియ, శిల్పి చేసేది, మన సొంత ధాతువు. పెన్సిలు చెక్కడంలోనూ అదే ఉంది. ధ్వని కలిసిందని చుట్టరికం కలపకూడదు.

మీ చివరి సందేహానికి వస్తే, వాడుక తనంతట తానే ఒక చక్కని ఏర్పాటు చేసుకుంది. బ్యాంకు పత్రం తెలుగులో పూర్తిగా కలిసిపోయిన నామవాచకం కనుక దాన్ని అజంతంగా, అంటే అచ్చుతో ముగిసేలా, చెక్కు అని రాయాలి. చెక్కులు, చెక్కుపై, చెక్కును వంటి రూపాలు అప్పుడే సాఫీగా వస్తాయి. మిగిలిన అర్థాల్లో అది ఇంకా క్రియలకో, సమాసాలకో ముందు నిలిచే మాటే కాబట్టి చెక్ చాలు: చెక్ చేయడం, చెక్ పెట్టడం, చెక్‌పోస్ట్, చెక్‌డ్యామ్. ఇలా రాస్తే ‘చెక్కు ఇచ్చేముందు తేదీ చెక్ చేయండి’ అన్న వాక్యంలో కూడా చదువరికి తడబాటు ఉండదు. ఇంగ్లీషులో క్యూ-యు-ఇ పెట్టి గిల్బర్ట్ కోరుకున్న తేడా తెలుగులో ఒక ఉకారంతో తేలిపోతుంది.